పాత డిస్కు, కొత్త కంప్యూటరు: ఊడదీసి పెట్టాలా, నకలు తియ్యాలా, మొదట్నుంచి మొదలెట్టాలా?

"ఏటి బావా, ఈ డిస్కు ఊడదీసి ఆ డబ్బాలో పెట్టేస్తే అయిపోదేటి?"

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో మా కంప్యూటర్ల రిపేరు కొట్టుకి వారానికి ఒకరైనా ఈ ప్రశ్న పట్టుకుని వస్తారు. ఆటోలోంచి రెండు సీపీయూలు దించుతారు: ఒకటి పాతది, ఇంకొకటి కొత్తదో సెకండ్ హ్యాండుదో. కొందరిది ఊళ్లోనే, కొందరు పాతపట్నం నుంచి, మరికొందరు కాశీనగరం, గుణుపురం నుంచి. ఒకరికి బోర్డు పోయింది, ఒకరికి మరీ స్లో అయిపోయింది, ఒకరు పాతది కొడుక్కి ఇచ్చేస్తున్నారు. నేను జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తాను: "ఈ డిస్కులో మళ్లీ దొరకనిది ఏముంది?"

"అంతా ఉంది" అంటారు మొదట. కూర్చోబెట్టి అడిగితే తేలుతుంది. ఫొటోలు, ఫైళ్లు అయితే కాపీ చేసుకుంటే చాలు. విండోస్ మళ్లీ ఎక్కించుకోవచ్చు. ట్యాలీ మళ్లీ ఎక్కించుకోవచ్చు, దాని డేటా ఫోల్డరు జాగ్రత్తగా తెచ్చుకుంటే. కానీ పదిహేనేళ్ల క్రితం సీడీతో ఎక్కించిన సాఫ్ట్‌వేరు, ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు, అమ్మినాయన ఊరొదిలి వెళ్లిపోయాడు — అదీ మళ్లీ దొరకనిది. ఏ పద్ధతి మంచిదనేది ఈ జవాబును బట్టే ఉంటుంది. కంప్యూటరు ఎంత కొత్తది అన్నది ఆ తర్వాతి మాట.

దారులు నాలుగున్నాయి. పాత డిస్కునే కొత్త కంప్యూటర్లో బిగించి అదే విండోస్‌తో లేపడం ఒకటి. డిస్కుకి డిస్కు నకలు తీసి, ఆ నకలు బిగించడం రెండోది. కొత్తదాంట్లో విండోస్ కొత్తగా ఎక్కించి, పాత డిస్కు నుంచి మన వస్తువులు మాత్రం తెచ్చుకోవడం మూడోది. పాత కంప్యూటరు మొత్తాన్నీ ఒక ఫైలుగా మార్చి కొత్త కంప్యూటరు లోపల ఒక కిటికీలో నడపడం నాలుగోది. మా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమందికి నేను మూడోదే చెప్తాను. కానీ ఎక్కువమంది అడిగేది మొదటిది. కాబట్టి అక్కడ్నుంచే మొదలెడదాం.

ముందు డిస్కుని చూడండి

స్క్రూ డ్రైవరు పట్టుకునే ముందు, డిస్కు కొత్తదాంట్లో అసలు పడుతుందా అన్నది చూసుకోవాలి. డెస్క్‌టాప్ డిస్కు మూడున్నర అంగుళాలు, ల్యాప్‌టాప్‌ది రెండున్నర. రెండూ సాటా (డిస్కుని బోర్డుకి కలిపే మామూలు కేబుల్ పద్ధతి) అయితే కనెక్టరు ఒకటే, డెస్క్‌టాప్‌లో ల్యాప్‌టాప్ డిస్కు నిక్షేపంగా పనిచేస్తుంది. ఇప్పుడొచ్చే సన్న ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఎం.2 స్లాటు (సన్నని కార్డులాంటి డిస్కు గుచ్చే చోటు) తప్ప రెండున్నర అంగుళాల డిస్కుకి చోటే లేదు. ఎం.2 కార్డుల్లోనూ సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం అని రెండుంటాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకదాని చోట ఇంకొకటి అన్ని బోర్డుల్లోనూ పనిచెయ్యదు. బోర్డు మాన్యువల్లో చూసి కొనండి. కొన్ని చవక ల్యాప్‌టాపుల్లో ఈఎంఎంసీ అనే నిల్వ బోర్డు మీదే టంకం వేసి ఉంటుంది. దాన్ని ఊడదీసే మాటే లేదు, కాపీ ఒక్కటే దారి.

రెండోది డిస్కు ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలో పెడితే డిస్కు తన జాతకం తనే చెప్తుంది. "రీఅలొకేటెడ్ సెక్టార్లు", "పెండింగ్ సెక్టార్లు" అన్న రెండు వరసల్లో సున్నా కాకుండా అంకె కనిపిస్తే, ముఖ్యంగా అది రోజురోజుకీ పెరుగుతుంటే, ఆ డిస్కుని ఏ కంప్యూటర్లోనూ బిగించొద్దు. అది ఆఖరి ప్రయాణంలో ఉంది. అందులోంచి డేటా బయటికి తియ్యడమొక్కటే మిగిలిన పని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత తడిసిన సీపీయూలు మోసుకొచ్చారు చాలామంది. వాటిలో చాలా డిస్కులు బాగానే ఉన్నాయి. ఆత్రం కొద్దీ తడి ఆరకుండా కరెంటు పెట్టినవాళ్లవే పోయాయి.

పాత డిస్కునే బిగించడం

విండోస్ 10, 11 అయితే ఇది ఇప్పుడు చాలాసార్లు పనిచేస్తుంది. మొదటిసారి ఆన్ చెయ్యగానే పరికరాలను సిద్ధం చేస్తున్నానని చెప్తుంది, ఒకటి రెండుసార్లు తనే రీస్టార్ట్ అవుతుంది, పది పదిహేను నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఇంటర్నెట్ కేబుల్ తగిలించి ఉంచితే మిగతా డ్రైవర్లు (ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు) అదే తెచ్చుకుంటుంది. ఇంటెల్ నుంచి ఏఎమ్‌డీకి మారినా ఫర్వాలేదు. స్నాప్‌డ్రాగన్ లాంటి ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాపుల్లో మాత్రం కుదరదు, వాటి విండోసే వేరు.

ఇక్కడ అందరూ మర్చిపోయేది పాత కంప్యూటర్ని ఆపే తీరు. మామూలుగా షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. తొందరగా లేవడానికి అదొక ఏర్పాటు. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి, అప్పుడు నిజంగా ఆగుతుంది. ఆ తర్వాతే డిస్కు తియ్యండి.

అసలు చిక్కు బూటింగు తీరులో ఉంది. పాత కంప్యూటర్లు పాత పద్ధతి బయాస్‌తో (ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రాం), ఎంబీఆర్ అనే డిస్కు విభజనతో లేస్తాయి. కొత్తవి దాని తర్వాతి తరం యూఈఎఫ్‌ఐతో, జీపీటీ అనే విభజనతో లేస్తాయి. మా వైపు పాతవాళ్లకి ఇది చెప్పడం తేలిక. నౌపడా నుంచి గుణుపురం పోయే మన బుల్లి రైలు పట్టాల వెడల్పు రెండున్నర అడుగులు. బ్రాడ్ గేజి పట్టాలేశాక ఆ వెడల్పు ఐదున్నర అయింది. పాత పెట్టెలు ఎంత బాగున్నా కొత్త పట్టాల మీద దొర్లవు. ఎంబీఆర్ డిస్కు కూడా అంతే, పాత పద్ధతిని పూర్తిగా తీసేసిన కొత్త బోర్డులో అది కనిపిస్తుంది గానీ లేవదు. కొన్ని బోర్డుల్లో సీఎస్‌ఎం అనే పాత పద్ధతి మీట ఇంకా ఉంటుంది. అది ఆన్ చేస్తే లేస్తుంది.

చక్రాలు మార్చే పనిముట్టు కూడా విండోస్‌లోనే ఉంది. ఎంబీఆర్ టు జీపీటీ అని దాని పేరు, విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి వస్తోంది. డిస్కులోని ఫైళ్లు పోకుండానే ఎంబీఆర్‌ని జీపీటీగా మారుస్తుంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించి ఉండకూడదు. ముందు దాంట్లోనే ఉన్న "వ్యాలిడేట్" అనే పరీక్ష నడపండి, అది సరే అన్నాకే మార్చండి. మారిస్తే ఆ డిస్కు మళ్లీ పాత బోర్డులో లేవదు, ఇది తిరిగి రాని టికెట్టు. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి యూపీఎస్ లేకుండా ఈ పని మొదలెట్టకండి.

ఇంకొక అడ్డం పదకొండో తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో ఉంది. డిస్కుని ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే వీఎండీ అనే మీట ఆన్‌లో ఉంటే పాత విండోస్‌కి డిస్కే కనిపించక నీలి తెర పడుతుంది. బయాస్‌లో దాన్ని ఆఫ్ చేస్తే సరిపోతుంది. కానీ కంపెనీ వాళ్లు ఆ ల్యాప్‌టాపులో ఎక్కించి పంపిన విండోస్ ఆ మీట ఆన్‌లో ఉంటేనే లేస్తుంది. దాన్ని మళ్లీ వాడాలనుకుంటే మీట తిరిగి ఆన్ చెయ్యాలి. ఏది మార్చారో కాగితం మీద రాసుకోండి.

విండోస్ 7 కథ

ఇదంతా విండోస్ 10, 11 సంగతి. విండోస్ 7 దగ్గర నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడ ఒకే పెళ్లి కార్డులో రెండు లిపులుండడం మామూలే, అమ్మాయి వైపు వాళ్లకి తెలుగు, అబ్బాయి వైపు వాళ్లకి ఒడియా. అలాంటి కార్డులు వేసే అన్నయ్య ఒకరున్నారు. కార్డులు దిద్దే పేజ్‌మేకరు, అనూ తెలుగు ఫాంట్లు, వాటికి తోడు ఒక ఒడియా ఫాంట్ల సాఫ్ట్‌వేరు, అది నడవాలంటే వెనకాల గుచ్చే డాంగిల్ (తాళం చెవిలా పనిచేసే చిన్న ముక్క) ఒకటి. ఇవన్నీ యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) రాకముందు తరహావి. వీటిలో తెలుగు "క"ని కంప్యూటరు ఏదో ఇంగ్లీషు గుర్తుగానే దాచుకుంటుంది, ఆ ఫాంటు ఉంటేనే అది "క"లా కనిపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు. అన్నయ్య దగ్గర పన్నెండేళ్ల కార్డులున్నాయి, సీడీలు లేవు.

వైశాఖ మాసంలో, ముహూర్తాలు కుప్పగా ఉన్న వారంలో గాలివాన వచ్చి పిడుగుకి బోర్డు పోయింది. డిస్కు బతికింది. "తమ్ముడూ, ఎల్లుండికి మూడు వందల కార్డులివ్వాలి" అన్నాడు. ఆరో తరం ఇంటెల్ సెకండ్ హ్యాండు ఆఫీసు కంప్యూటరు ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. డిస్కు తీసి అందులో బిగించాను.

విండోస్ గుర్తు సగం వెలిగి నీలి తెర పడింది. చివర 7బీ అనే కోడు. నేను బూట్ అవ్వాల్సిన డిస్కు నాకు అందడం లేదని దాని అర్థం. బోర్డు డిస్కుతో మాట్లాడే తీర్లు రెండు: పాత బోర్డులో డిస్కు ఐడీఈ పద్ధతిలో నడిచేది, కొత్త బోర్డు ఏహెచ్‌సీఐ పద్ధతిది. ఆ రెండో దానికి కావల్సిన డ్రైవరు విండోస్ 7లో ఉంది గానీ, వాడుకలో లేదు కదా అని పక్కన పడుకోబెట్టింది. పాత కంప్యూటరు బతికుండగా అయితే రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే పుస్తకం) ఎంఎస్‌ఏహెచ్‌సీఐ అనే చోట 3ని 0 చేస్తే రెండు నిమిషాల పని. అది పోయింది కాబట్టి డిస్కుని నా కంప్యూటరుకి తగిలించి, పాత విండోస్ రిజిస్ట్రీని బయట్నుంచి తెరిచి మార్చాల్సి వచ్చింది.

మళ్లీ బిగించాను. ఈసారి లాగిన్ తెర వచ్చింది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు. మౌస్ కదిపితే బాణం కదల్లేదు. తిప్పి చూస్తే కింద ఎర్ర లైటు లేదు. కీబోర్డు కూడా చచ్చినట్టే ఉంది. ఆరో తరం బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టులన్నీ కొత్త తరహా కంట్రోలరు కిందకి వచ్చేశాయి, విండోస్ 7కి దాని డ్రైవరు పుట్టుకతో లేదు. డ్రైవరు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చేది యూఎస్‌బీ పోర్టులోనే! తాళం చెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టయింది. అదృష్టం కొద్దీ ఆ కంప్యూటరు వెనకాల ఊదా రంగు గుండ్రటి పీఎస్2 పోర్టు ఒకటుంది. అటక మీద పాత కీబోర్డు వెతికి దుమ్ము దులిపి తగిలించాను. డిస్కు మళ్లీ ఊడదీసి, నా కంప్యూటరుకి తగిలించి, డ్రైవరు అందులో కాపీ చేసి, మళ్లీ బిగించి, మౌస్ లేకుండా ట్యాబ్ మీటతో ఒక్కొక్క గడీ దాటుకుంటూ ఎక్కించాను. తెల్లారి నాలుగైంది.

కార్డులు టైముకి వెళ్లాయి. కానీ పని అక్కడితో అయిపోలేదు. బోర్డు మారింది కాబట్టి విండోస్ మళ్లీ యాక్టివేషన్ (లైసెన్సు రుజువు) అడిగింది. 2020 జనవరి 14 తర్వాత మామూలు విండోస్ 7కి భద్రతా మరమ్మతులు రావడం లేదు. అలాంటి దాంట్లోనే అన్నయ్య కస్టమర్లు పంపే ఫొటోలు వాట్సాప్ నుంచి దింపుకుంటాడు. పైగా ఈ సెకండ్ హ్యాండు బోర్డు పోతే మళ్లీ ఇదే భాగోతం. నెల తిరక్కుండానే అంతా విప్పేసి నాలుగో దారికి మార్చాను. ఆ సంగతి కిందకి వస్తుంది.

లైసెన్సు, తాళాలు

కంపెనీ కంప్యూటరుతో వచ్చిన విండోస్ ఓఈఎం రకం. దాని హక్కు ఆ బోర్డుతో పుట్టి ఆ బోర్డుతోనే పోతుంది. డిస్కు మార్చినంత మాత్రాన అది కొత్త కంప్యూటరుకి రాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు అయితే మార్చుకోవచ్చు. దాన్ని ముందే మైక్రోసాఫ్ట్ అకౌంటుకి కలిపి ఉంచితే, కొత్తదాంట్లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ తెరిచి ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చానని చెప్తే సరిపోతుంది. మీది ఏ రకమో తెలియకపోతే కమాండ్ విండోలో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్‌ఐ అని కొడితే వచ్చే చిన్న పెట్టెలో రాసి ఉంటుంది. విండోస్ 8 నుంచి బ్రాండెడ్ ల్యాప్‌టాపుల్లో కీ బయాస్‌లోనే దాగి ఉంటోంది. కొత్త ల్యాప్‌టాప్ హోం ఎడిషన్‌తో వచ్చి, దాంట్లో హోం ఎడిషనే కొత్తగా ఎక్కిస్తే ఏ కీ అడక్కుండా యాక్టివేట్ అవుతుంది. మూడో దారి నాకు నచ్చడానికి ఇదొక కారణం.

తాళాల విషయంలో, విండోస్ డిస్కుకి వేసే తాళం బిట్‌లాకర్‌తో చాలా జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయిన ల్యాప్‌టాపులు చాలావాటిలో డిస్కుకి తాళం దానంతటదే పడి ఉంటుంది, ఇంట్లోవాళ్లకి తెలియను కూడా తెలియదు. తాళం చెవి బోర్డు మీదున్న టీపీఎం చిప్పులో ఉంటుంది. డిస్కు ఇంకో కంప్యూటరుకి తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉండొచ్చు, ఉంటే పండగే. లేకపోతే నేను కాదు కదా, ఎవరూ ఏమీ చెయ్యలేరు. పాత కంప్యూటరు పనిచేస్తుండగానే సెట్టింగుల్లో చూసి, కీ కాగితం మీద రాసుకోండి, వీలైతే తాళం తీసేసి అప్పుడు డిస్కు కదపండి. ఒకాయన కూతురి చిన్ననాటి ఫొటోలన్నీ ఇలా మా కళ్లముందే డిస్కులోనే ఉండిపోయాయి. ఏ మెయిల్ ఐడీతో అకౌంటు తెరిచారో ఆయనకి గుర్తులేదు, అమ్మిన షాపువాడు తనకి తోచిన ఐడీతో తెరిచేశాడు.

నకలు తియ్యడం

క్లోన్ చేస్తే ఏ సమస్యా ఉండదని చాలామంది అనుకుంటారు. నకలు నకలే. పాతది ఎంబీఆర్ అయితే నకలూ ఎంబీఆరే, డ్రైవర్లు అవే, లైసెన్సు తగువు అదే. కొత్త కంప్యూటర్లో పాత డిస్కు లేవకపోతే దాని నకలూ లేవదు. క్లోన్ వల్ల లాభం వేరే ఉంది: ప్రయోగాలు నకలు మీద చేస్తాం, అసలు డిస్కు భద్రంగా ఉంటుంది. మొదటి దారిలో వెళ్లాలనుకునేవాళ్లు కూడా ముందు క్లోన్ తీసి, దాన్నే బిగించాలి. ఈ ఒక్క విషయంలో నేను బేరాలు పెట్టను.

క్లోన్ నిజంగా మెరిసేది అదే కంప్యూటర్లో హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) వేసేటప్పుడు. బోర్డు మారదు కాబట్టి ఏ గొడవా లేదు, కంప్యూటరు కొత్తదానిలా పరిగెడుతుంది. కొత్త కంప్యూటరు కొనాలని వచ్చినవాళ్లలో కొందర్ని ఈ ఒక్క పనితో వెనక్కి పంపించాను. వ్యాపారం తెలియనివాడు అంటుంది మా ఆవిడ.

పనిముట్లలో క్లోన్‌జిల్లా ఉచితం, గట్టిది, కానీ తెర చూస్తే భయమేస్తుంది. రెస్క్యూజిల్లా మౌస్‌తో నడుస్తుంది, కొత్తవాళ్లకి అది నయం. ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ డిస్కు కొన్నవాళ్లకి ఉచితంగా ఇచ్చేవీ ఉన్నాయి. ఒక టెరాబైటు డిస్కుని 256 జీబీ దాంట్లోకి నకలు తియ్యాలంటే వాడుకలో ఉన్నది అందులో పట్టాలి, క్లోన్‌జిల్లాకైతే ముందు పార్టిషన్‌ని కుదించి ఇవ్వాలి. ఏది మూలం, ఏది గమ్యం అన్నది మూడుసార్లు చూసుకోండి. తిరగేసి కొడితే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది. నకలు అయ్యాక రెండు డిస్కులూ ఒకే కంప్యూటర్లో ఉంచి ఆన్ చెయ్యొద్దు. రెంటికీ గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది.

చావుబతుకుల్లో ఉన్న డిస్కుకి ఇవి వాడకూడదు. డీడీరెస్క్యూ అని ఒకటుంది, అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలు తీసేసుకుని, మొండి చోట్లకి తర్వాత వస్తుంది.

కొత్తగా ఎక్కించి, మనవి తెచ్చుకోవడం

ఒక పూట ఎక్కువ పడుతుంది, మీరు చెయ్యాల్సింది కూడా ఎక్కువే. అయినా ఇంట్లో వాడుకునేవాళ్లకి, చదువుకునే పిల్లలకి, మామూలు ఆఫీసు పనికి ఇదే మంచిది. పాత విండోస్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త వెంట రాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త కంప్యూటరు ఎలాగూ విండోస్ 11కి పనికొచ్చేదే అయినప్పుడు, పాతదాన్ని మోసుకొచ్చి మళ్లీ అప్‌గ్రేడ్ చేసుకోవడం రెండు పనులు.

ఎక్కించేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకెయ్యండి. రెండూ తగిలించి ఉంచితే బూటింగు భాగం పోయి పాత డిస్కు మీద కూర్చోవచ్చు. అప్పటికి బాగానే నడుస్తుంది, ఆర్నెల్ల తర్వాత పాత డిస్కు తీస్తే కొత్తది లేవదు.

ఆ తర్వాత పాత డిస్కుని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి తగిలించండి. రెండున్నర అంగుళాలది పోర్టు కరెంటుతోనే నడుస్తుంది, మూడున్నరదానికి విడిగా అడాప్టరున్న డబ్బా కావాలి. నీలం రంగు పోర్టు, అంటే యూఎస్‌బీ 3, ఎంచుకోండి. పాత పోర్టులో సెకనుకి 30 మెగాబైట్ల చుట్టూ నడుస్తుంది కాబట్టి 300 జీబీకి మూడు గంటల దాకా పడుతుంది. యూఎస్‌బీ 3లో మంచి హార్డ్ డిస్కు 100 దాకా ఇస్తుంది, గంటలోపు అయిపోతుంది.

పాత డిస్కులో యూజర్స్ ఫోల్డరు తెరిస్తే మీకు అనుమతి లేదంటుంది. కంటిన్యూ కొట్టి ఓపిక పట్టండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఎవరికైనా గుర్తొస్తాయి, మర్చిపోయేవి వేరు. డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకుండా వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపల చూడండి. మబ్బు గుర్తు ఉన్న ఫైళ్లు డిస్కు మీద ఉండవు, ఇంటర్నెట్‌లోనే ఉంటాయి. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డులు ఫోల్డరు కాపీ చేస్తే రావు, ఆ విండోస్ లాగిన్‌తో ముడివేసి దాస్తుంది. పాతది నడుస్తుండగానే గూగుల్ అకౌంటుతో సింక్ చెయ్యాలి. ట్యాలీ అయితే డేటా ఫోల్డరు తెచ్చుకోవడంతో పాటు పాత కంప్యూటర్లో లైసెన్సు సరెండర్ చేసి రావాలి. జన సేవా కేంద్రాలు నడిపేవాళ్లు వేలిముద్ర మెషీనుకి ఆర్‌డీ సర్వీసు, డిజిటల్ సంతకం టోకెన్‌కి దాని డ్రైవరు మళ్లీ ఎక్కించుకోవాలి.

"పాత డిస్కులో ప్రోగ్రాం ఫైల్స్ ఉంది కదా, అందులోంచి పేజ్‌మేకర్ నొక్కితే రాదా?" అని అడుగుతారు. చాలా ప్రోగ్రాములు రావు. వాటి లెక్కాపత్రాలన్నీ పాత విండోస్ రిజిస్ట్రీలో ఉన్నాయి, కొత్త విండోస్‌కి అవెవరో తెలీదు.

కంప్యూటరులో కంప్యూటరు

ఆ మళ్లీ దొరకని సాఫ్ట్‌వేరు ఉన్నవాళ్లకి ఇది. అన్నయ్యకి చివరికి చేసిందిదే. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద కొత్త విండోస్ ఎక్కించాను. మైక్రోసాఫ్ట్ వాళ్ల డిస్క్2వీహెచ్‌డీ అనే ఉచిత పనిముట్టుతో పాత డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలు చేశాను. 500 జీబీ డిస్కు అయినా వాడుకలో ఉన్నది 60 జీబీయే కాబట్టి ఫైలూ దాదాపు అంతే వచ్చింది. కంప్యూటరు లోపల కంప్యూటరుని నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో ఆ ఫైలుని ఐడీఈ కంట్రోలరు కింద పెట్టాను. పాత విండోస్‌కి అలవాటైన పద్ధతి అదే కాబట్టి ఇలాంటప్పుడు నీలి తెర తగువు రాదు. డాంగిల్‌ని లోపలి కంప్యూటరుకి అప్పగించే మీట ఒకటుంది. లోపల ఇంటర్నెట్ పూర్తిగా తీసేశాను. వాట్సాప్, మెయిలు బయటి విండోస్‌లో, పేజ్‌మేకరు లోపలి విండోస్‌లో, మధ్యలో ఒక షేర్డ్ ఫోల్డరు. కార్డు పీడీఎఫ్ చేసి ఆ ఫోల్డర్లో వేస్తే బయట్నుంచి ప్రింటు.

దీనికి కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి, బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చెయ్యాలి. లోపలి విండోస్‌కి విడిగా లైసెన్సు ఉండాలన్నది మర్చిపోకూడదు. డాంగిల్ లేకుండా బోర్డు నంబరుతో ముడివేసిన సాఫ్ట్‌వేరైతే ఇక్కడా మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది, దానికి ఈ దారి కూడా మందు కాదు. భారీ గ్రాఫిక్స్ పనులకి పనికిరాదు. కానీ ఇక బోర్డులు ఎన్ని మారినా బాధ లేదు. ఆ ఒక్క ఫైలు కాపీ చేసుకుంటే పాత కంప్యూటరు మొత్తం వెంట వచ్చేస్తుంది.

లినక్స్ వాళ్లకి

మీకు ఇంత టెన్షన్ లేదు. డ్రైవర్లలో ఎక్కువ భాగం లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌తోనే వస్తాయి కాబట్టి ఉబుంటు, డెబియన్ ఉన్న డిస్కు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలో పెడితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. ఫెడోరా లాంటివి ఆ కంప్యూటరుకి సరిపడా డ్రైవర్లే మొదటి దశలో పెట్టుకుంటాయి. అందులో మెనూలో రెస్క్యూ ఎంట్రీతో లేపి, ఆ దశని మళ్లీ కట్టించాలి. యూఈఎఫ్‌ఐ బూట్ ఎంట్రీ డిస్కు మీద కాకుండా బోర్డు జ్ఞాపకంలో ఉంటుంది కాబట్టి ఒక్కోసారి దాన్ని కొత్తగా చేర్చాల్సి వస్తుంది. ఎన్‌విడియా డ్రైవరుంటే ముందే తీసెయ్యండి. యాపిల్ మ్యాక్ అయితే ఊడదీసే ఆలోచనే వద్దు, మైగ్రేషన్ అసిస్టెంట్‌తో పంపించుకోవడమే.

ఏ దారిలో వెళ్లినా పాత డిస్కుని నెల రోజులు ఫార్మాట్ చెయ్యకండి. పేరు, తారీఖు రాసిన చీటీ అంటించి బీరువాలో పెట్టండి. మూడో వారంలో ఎవరో ఒకరు "మన పంచాయితీ బిల్లుల ఎక్సెల్ ఏదీ?" అని అడుగుతారు. అది ఎప్పుడో 2016లో డీ డ్రైవులో "న్యూ ఫోల్డర్ 3" అనే దాంట్లో పడేసి ఉంటుంది.